మూడు గీతల నీలం చుక్క

వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. పావుచుట్టు అంటే చాలు, సైకిల్ చక్రాలు కట్టే ఆయనేనని అందరికీ తెలుసు. చక్రానికి ముప్పై ఆరు పుల్లలుంటాయి. ఒక్కో పుల్ల కొసన ఒక చిన్న మర. ఆ మరను ఒక దఫాకి పావుచుట్టు కంటే ఎక్కువ తిప్పడం ఆయనకు చేతకాదు. మిగతా షాపుల్లో రెండేసి చుట్లు బిగించి చక్రం చేతికిచ్చి పంపేస్తుంటే, ఈయన పావు తిప్పి, చక్రాన్ని గిర్రున వదిలి చూసి, మళ్ళీ పావు తిప్పేవాడు.

"మామా, నువ్వు ఆ చక్రం కట్టేసరికి నా కూతురు కాపురానికెళ్తుంది" అనేవాడు ఇంటింటికీ రొట్టెలు వేసే ఆయన.

"వెళ్ళనీ. అల్లుడి సైకిలుకి కూడా అదే చక్రం పనికొస్తుంది."

చక్రం పూర్తయ్యాక ట్యూబు మూతి బయటికొచ్చే రంధ్రం పక్కన ఒక నీలం చుక్క పెట్టేవాడు. అదే ఆయన సంతకం. ఆ చుక్క వెనక చిన్న కథ ఉంది. పెళ్ళయిన కొత్తలో, తన చేత్తో మొదటి చక్రం కట్టిన రోజున, దాని మీద ఏదైనా గుర్తు పెట్టాలనిపించింది. చేతిలో రంగు లేదు. భార్య గోళ్ళరంగు సీసా కిటికీలో కనబడితే అందులో పుల్ల ముంచి ఒక చుక్క పెట్టాడు. ఆమె తిట్టింది, తర్వాత నవ్వింది. కొన్నేళ్ళకి ఆమె గోళ్ళకి రంగు వేసుకోవడం మానేసినా, సీసా అయిపోవచ్చినప్పుడల్లా తనే వెళ్ళి అదే నీలం కొనితెచ్చేది. షాపుకి వచ్చేవాళ్ళు చక్రం చేతిలోకి తీసుకుని ముందు ఆ చుక్క కోసం చూసేవాళ్ళు. ఇరవై ఆరేళ్ళలో ఆయన సంపాదించుకున్నది ఏదైనా ఉందంటే అదే.

షాపులో ఇంకొకాయన తోడల్లుడు. భార్య చెల్లెలి మొగుడు. ఆయన పేరు రేడియో. పొద్దున తలుపు తీసినప్పటినుంచి మూసేదాకా ఆగకుండా వాగుతూనే ఉంటాడు కాబట్టి ఆ పేరు ఆయనకి ఎవరూ పెట్టక్కర్లేకపోయింది. ఆర్డర్లు తేవడం, వచ్చినవాళ్ళని మాటల్లో కూర్చోబెట్టడం రేడియో వంతు. చక్రం కట్టడం పావుచుట్టు వంతు. చేతకాని పని ఎవరూ ముట్టుకోకుండా బండి బాగానే నడిచింది.

పావుచుట్టు కూర్చునే పీట కూడా ఆయన సొంత తయారీయే. పాత సైకిల్ సీటొకటి ఇనుప గొట్టానికి బిగించి, చక్రం ఎత్తుకి సరిగ్గా సరిపోయేలా చేసుకున్నాడు. చూసినవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ సన్నటి సీటు మీద ఇరవై ఆరేళ్ళు ముందుకి వంగి కూర్చున్నాడు.

నొప్పి యాభై రెండో ఏట మొదలైంది. మొదట కూర్చున్న చోట గులకరాయి ఉన్నట్టు అనిపించేది. లేచి చూస్తే ఏమీ ఉండేది కాదు. ఆ తర్వాత మంట. ఆ తర్వాత తొడల మధ్య నుంచి వెనక్కి, సన్నటి వేడి తీగ లాగినట్టు. పడుకుంటే తగ్గేది, నిలబడితే ఓర్చుకోగలిగేది, కూర్చుంటే మాత్రం ప్రాణం పోయేది. చెప్పుకుందామా అంటే సిగ్గు. ఒక డాక్టరు మొలలన్నాడు. ఇంకొకాయన మూత్రానికి మందులిచ్చాడు. మూడో ఆయన పరీక్ష కాగితాలన్నీ తిరగేసి "మీకేమీ లేదు, మనసుకి విశ్రాంతి కావాలి" అన్నాడు. పావుచుట్టు బయటికొచ్చి భార్యతో అన్నాడు, "నా మనసు అక్కడుందని నాకు ఇన్నాళ్ళూ తెలియలేదు."

డాక్టర్లు కాక, ఈ నొప్పి సంగతి ఇద్దరికే చెప్పాడు. భార్యకి, రేడియోకి.

రేడియో మర్నాడే ఒక కాగితం తెచ్చాడు. "అన్నా, ఇది బ్రహ్మాండమైన వ్యాయామం. మూత్రం ఆపుకున్నట్టు కింద బిగబట్టాలి, పది లెక్కపెట్టాలి, వదలాలి. మా ఎరికలో ఒకాయన నెలలో గుర్రమైపోయాడు."

పనిని నమ్మినవాడు కదా, పావుచుట్టు వ్యాయామాన్నీ పనిలాగే చేశాడు. రోజుకి మూడు వందలు. నొప్పి పెరిగింది. తను తక్కువ చేస్తున్నానేమో అనుకున్నాడు. ఇంకా గట్టిగా బిగించాడు. రెండు నెలలయ్యేసరికి అన్నం కూడా నిలబడి తినే స్థితికి వచ్చాడు.

ఆయన తలుపుకి జారబడి ఒంటికాలి మీద నిలబడటం చూసి పట్టేసింది నర్సమ్మ. ఇంటింటికీ సైకిల్ మీద తిరిగి పుళ్ళకి కట్లు కట్టే మనిషి, పదకొండేళ్ళుగా ఆయన చక్రం మీదే తిరుగుతోంది. నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు చెప్పడానికి ఆయన సిగ్గుపడుతుంటే, "నేను రోజూ చూసేవి మీకు చెబితే మీ సిగ్గే సిగ్గుపడుతుంది. రేపు పొద్దున మా ఆసుపత్రికి రండి" అని వెళ్ళిపోయింది.

ఆసుపత్రి వెనకగదిలో వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ ఉంది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఆయన చెప్పిందంతా మధ్యలో అడ్డం రాకుండా విని రాసుకుంది.

"రోజుకెన్ని సార్లు బిగించారు బాబాయ్?"

"మూడొందలు. ఆదివారం నాలుగొందలు."

"ఆదివారం ఎందుకు ఎక్కువ?"

"ఆ రోజు షాపు సెలవు కదమ్మా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని కలం కింద పెట్టింది. బల్ల మీది ఎముకల బొమ్మ దగ్గరికి లాగి వేలితో చూపించింది. "చూడండి, ఈ నరం ఇలా దిగి, కూర్చునే ఎముక పక్కనుంచి ముందుకి వస్తుంది. మీరు ఇన్నేళ్ళూ దాని మీద బరువు వేసి కూర్చున్నట్టున్నారు. చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోయాయి. బిగించే వ్యాయామం చెడ్డదని కాదు, కొందరికి అదే మందు. మీకు మాత్రం కాదు. సరే, నాకొకటి చెప్పండి. చక్రం ఒకపక్కకి లాగితే మీరేం చేస్తారు?"

"ఎటు లాగుతోందో చూసి, ఆ వైపు పుల్ల ముందు వదులు చేస్తాను."

"బిగించరా?"

"వదులు చేయకుండా బిగిస్తే రిమ్ము..." అని, మాట మధ్యలో ఆగిపోయాడు. ఎముకల బొమ్మ మీద ఆ నరం దారి తనే వేలితో గీసి చూశాడు. "నా పని నాకే చెబుతున్నావమ్మా" అన్నాడు.

నేర్పినవి చూడ్డానికి పిల్లల ఆటల్లా ఉన్నాయి. చాప మీద వెల్లకిలా పడుకుని పిక్కలు కుర్చీ మీద పెట్టాలి. ఒక చెయ్యి పొట్ట మీద ఉంచి నెమ్మదిగా గాలి పీల్చాలి. పొట్ట పైకి లేవాలి, ఛాతీ కాదు. గాలి లోపలికి వెళ్ళేటప్పుడు కింద కండరం దానంతట అది, మూతి తాడు సడలిన సంచిలా, జారనివ్వాలి. ముక్కకూడదు, నెట్టకూడదు. తర్వాత ఒక్కో మోకాలు ఛాతీ వైపు తెచ్చుకోవాలి. ఆపైన అరికాళ్ళు రెండూ కలిపి, మోకాళ్ళని చెరోపక్కకి వాల్చి, వాటి కింద దిండ్లు పెట్టుకోవాలి. ఎక్కడ నొప్పి మొదలవబోతోందో అక్కడికి ముందే ఆగిపోవాలి.

"ఇంకోటి, పళ్ళు బిగించకండి. పైన దవడ బిగిస్తే కింద కూడా బిగుస్తుంది. కోపమొచ్చినా అంతే" అంది డాక్టరమ్మ. "రోజుకి పది నిమిషాలు నడవండి. వారం తర్వాత పన్నెండు. మీ భాషలో పావుచుట్టు. షాపులో ఆ పీట ఎక్కొద్దు, సైకిల్ తొక్కొద్దు. నెలలు పడుతుంది. నిలబడి చేసుకునే బల్ల తయారయ్యాక మళ్ళీ పని మొదలుపెడదాం."

నెలలు అనగానే ఆయనకి షాపు గుర్తొచ్చింది. రేడియో ధైర్యం చెప్పాడు. "అన్నా, నువ్వు బాగవడం ముఖ్యం. రిపేర్లు నేను చూసుకుంటా. కొత్త చక్రాలడిగితే ఆగమని చెబుతా. నీ చక్రం కోసం ఏడాదైనా ఆగుతారు జనం!" వింటుంటే చెవుల్లో తేనె పోసినట్టుంది.

ఇంట్లో భార్య నర్సుని మించిపోయింది. పొద్దున చాప పరిచేది, దిండ్లు సర్దేది. పక్కన కూర్చుని ఆయన ఊపిరి లెక్కపెట్టేది. "ఒకటి. దవడ వదలండి. రెండు." తొట్టెలో గోరువెచ్చని నీళ్ళు పోసి పెట్టేది. మలబద్ధకం రాకుండా నీళ్ళు తాగించేది, మరుగుదొడ్లో పాదాల కింద పెట్టుకోవడానికి చిన్న చెక్కపీట తెచ్చింది. కట్టుకున్న పెళ్ళాం ముందు కూడా చెప్పుకోలేని చోటు గురించి ఆయన ఆమెతో మామూలుగా మాట్లాడటం నేర్చుకున్నాడు. సాయంత్రాలు మాత్రం, "చెల్లెలింటికి వెళ్ళొస్తా" అని గంటసేపు బయటికెళ్ళేది. వెళ్ళనీ, పాపం రోజంతా నాతోనే కదా అనుకునేవాడు.

కూర్చోవడానికి మెత్త తనే చేసుకున్నాడు. మొదటిసారి దళసరి నురుగు దిండులో నడిమధ్య గుండ్రంగా రంధ్రం కోశాడు. అంచులు నొక్కి ఇంకా నొప్పెట్టింది. రెండోది మరీ మెత్తనై అణిగిపోయింది. మూడోదానికి గట్టి నురుగు తెచ్చి, నడుమ నుంచి ఒక అంచుదాకా గాడి కోసేసి, బరువంతా రెండు పక్కలా ఎముకల మీదే పడేలా చేశాడు. నొప్పి మొదలై రెండేళ్ళు కావస్తుండగా, చాలా నెలల తర్వాత ఒక పూట దాని మీద కూర్చుని అన్నం తిన్నాడు. భార్య కళ్ళు తుడుచుకుంది.

నాలుగో నెలకి నడక ఇరవై నిమిషాలకి వచ్చింది. ఇరవై నిమిషాలంటే వీధి చివర మలుపు తిరిగి బేకరీ గోడదాకా. ఆ గోడకి ఆనించి రొట్టెల సైకిల్ ఉంది. వెనకచక్రం కొత్తది. రంధ్రం పక్కన నీలం చుక్క మెరుస్తోంది.

ఈ చక్రం ఎప్పుడు కట్టానబ్బా అనుకుంటూ వంగి చూశాడు. తను కట్టిన చక్రమైతే ఆ రంధ్రం వైపునుంచి చూస్తే నడిమి ఇరుసు మీద అక్షరాలు తిన్నగా కనబడాలి. కనబడలేదు. వేలితో పుల్లలు మీటాడు. తన చక్రంలో ఒక పక్క పుల్లలన్నీ ఒకే స్వరం పలుకుతాయి. ఇందులో ఒకటి కీచుమంది, ఒకటి బొయ్యిమంది. రెండు పుల్లలు అసలు లేవు, తెగిపోయాయి. ఫ్యాక్టరీలో యంత్రం మీద తిప్పేసి పంపించిన సరుకు.

లోపలినుంచి రొట్టెలాయన వచ్చాడు. కుడి మణికట్టుకి కట్టు ఉంది.

"ఓహో, మామా! నిన్నే చూద్దామనుకుంటున్నా. ఏంటయ్యా, చెయ్యి అలసిపోయిందా? నెలరోజులకే పుల్లలు తెగి, మలుపులో నన్ను కింద పడేసింది. ఇంటి దగ్గరే కూర్చుని కడుతున్నావంట కదా, రేడియో చెప్పాడు. పెద్దవాడివయ్యావు, మానెయ్యి మామా. నీ పేరు చూసే కొన్నా."

పావుచుట్టు ఇంకా కిందికి వంగాడు. మళ్ళీ చుక్క వైపు చూశాడు. తను పుల్ల ముంచి పెడితే చుక్క గుండ్రంగా, కాస్త ఉబ్బెత్తుగా వస్తుంది. ఇది అలా లేదు. మధ్యలో ఒక గీత, దానికి అటొకటి ఇటొకటి, మూడు సన్నటి కుంచెగీతలు నున్నగా కలిసిపోయి ఉన్నాయి. గోరుకి రంగు వేసే తీరు. ముందు నడిమి గీత, తర్వాత రెండంచులు. పెళ్ళయిన కొత్తలో కిటికీ దగ్గర కూర్చుని ఆమె అలా వేసుకుంటుంటే పని మానేసి చూసేవాడు. ఆ చేతిని ఆయన ఎక్కడున్నా గుర్తుపడతాడు.

నొప్పి కింద నుంచి భగ్గున లేచింది. పళ్ళు బిగిసి ఉన్నాయని అప్పుడు తెలిసింది.

"ఇది నేను కట్టింది కాదు" అన్నాడు.

"చుక్కుంది కదా మామా!"

"చుక్క ఉంది."

ఇంటికి తిరిగి రావడానికి నలభై నిమిషాలు పట్టింది.

మర్నాడు పొద్దున భార్య ఎప్పటిలాగే చాప పరిచి, కుర్చీ జరిపింది. ఆయన పడుకుని పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒకటి" అంది ఆమె. "దవడ వదలండి. రెండు."

"ఎన్ని?"

"రెండే. ఇప్పుడేగా మొదలెట్టాం."

"ఊపిర్లు కాదు. చక్రాలు."

ఆమె లెక్క ఆపేసింది. చీరకొంగు వేలికి చుట్టుకుంది, విప్పింది. "నలభై ఆరు" అంది.

ఆయన కప్పు వైపే చూస్తున్నాడు.

"మరిదే అన్నాడు. ఆర్నెల్లు నీలం చుక్క బజార్లో కనబడకపోతే జనం మిమ్మల్ని మర్చిపోతారన్నాడు. ఫ్యాక్టరీవి కూడా మంచివేనన్నాడు. తను పెడితే చుక్క వంకరగా వస్తోందని నన్ను పిలిచాడు. మీరు లేచేదాకా మీ పేరు నిలబెడదామనే..."

"నా పేరు నిలబెట్టడానికి నా పేరే తీసుకెళ్ళి అమ్మారా?"

"మీకు చెబితే ఒప్పుకోరని..."

"ఒప్పుకోనని తెలుసు. తెలిసి చేశావు."

ఆమె ఏడ్చింది. ఆయనకి ఓదార్చాలనిపించలేదు. రేడియో మీద కోపం వచ్చింది కానీ ఆశ్చర్యం రాలేదు, వాడి సరుకు మాటలే కదా. కానీ ఈమె రోజూ పొద్దున ఇక్కడ కూర్చుని వదలండి, వదలండి అని లెక్కపెట్టి, సాయంత్రం వెళ్ళి ఆ సీసా మూత తీసింది. కంచే చేను మేసిందని ఎవరితో చెప్పుకుంటాడు? ఆయనకి చెప్పుకునే మనిషి ఒక్కతే, ఆమే.

షాపుకి వెళ్ళాడు. రేడియో ఎదురొచ్చి కుర్చీ వేశాడు. కూర్చోలేడని గుర్తొచ్చి మళ్ళీ తీశాడు.

"అన్నా, వదిన చెప్పిందా? నువ్వు తప్పుగా అనుకోకు. ఫ్యాక్టరీ చక్రం మాత్రం చక్రం కాదా?"

"చక్రమే. దాని పేరు మీద అమ్ముకో."

"దాని పేరు చెబితే ఎవడొస్తాడన్నా?" అనేసి, నాలిక కరుచుకున్నాడు రేడియో. ఇన్నేళ్ళలో రేడియో తనంతట తాను మాట ఆపడం అదే మొదలు.

"ఎవరెవరికి అమ్మావు?"

రేడియోకి తెలియదు. వచ్చినవాడికల్లా అమ్మాడు. పావుచుట్టు గోడ మీద వేలాడుతున్న, పుల్లల మరలు తిప్పే స్పోకు కీ తీసుకున్నాడు, సొరుగులోంచి ఒక పాత గీకుడు బ్లేడు తీసుకున్నాడు. తను తయారుచేసుకున్న పీట వైపు ఒకసారి చూసి బయటికొచ్చాడు.

అప్పటినుంచి ఆయన నడక దారి మారింది. సమయం మాత్రం మారలేదు, డాక్టరమ్మ చెప్పినంతే. ఆ ఇరవై నిమిషాల్లో వీధిలో ఆనించి ఉన్న ప్రతి సైకిల్ దగ్గరా ఆగేవాడు. మూడు గీతల చుక్క కనబడితే యజమాని వచ్చేదాకా పక్కన నిలబడి, "ఇది నేను కట్టింది కాదండీ. నా గుర్తు ఎవరో పెట్టారు" అని చెప్పి, బ్లేడుతో గీకేసేవాడు. ఎవరో ఏమిటి, మీ షాపులోనే కొన్నామని కొందరు తిట్టారు. కొందరు నవ్వారు. ఎవరని అడిగితే మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. చక్రం ఇచ్చినవాళ్ళకి ఇంటి వసారాలో కొత్తగా చేసుకున్న ఎత్తు బల్ల దగ్గర నిలబడి సరిచేసి ఇచ్చాడు. మొదటిది రొట్టెలాయనదే. పావుగంట పని, పది నిమిషాలు వెల్లకిలా పడుకోవడం. మళ్ళీ పావుగంట. ఒక చక్రానికి రెండు రోజులు పట్టేది.

రెండు నెలల్లో ముప్పై ఒకటి దొరికాయి. మిగతావి ఊళ్ళు దాటిపోయి ఉంటాయి.

ఒకరోజు నర్సమ్మ ఎదురై సైకిల్ దిగింది. "నాది కూడా చూడండి, ఇదీ దొంగదేమో!" అంది నవ్వుతూ.

ఆయన రంధ్రం వైపునుంచి చూశాడు. ఇరుసు మీద అక్షరాలు తిన్నగా కనబడ్డాయి. పుల్లలు మీటాడు. పదకొండేళ్ళయినా ఒకే స్వరం. చుక్క గుండ్రంగా, ఉబ్బెత్తుగా, ఎండకి కాస్త వెలిసి ఉంది. బొటనవేలితో దాన్ని ఒకసారి తడిమాడు. తర్వాత బ్లేడు తీశాడు.

"అయ్యో, అది మీదేగా!"

"నాదేనమ్మా."

"మరెందుకు గీకుతున్నారు?"

"ఇకమీదట ఇది చూసి ఎవరూ కొనకూడదు. మీటి వినమనండి, తిప్పి చూడమనండి. చుక్కని నమ్మొద్దనండి." నీలం పొట్టు ఆయన గోటి సందులో ఇరుక్కుంది.

ఆ రోజు ఇంటికి వచ్చేసరికి చాప పరిచి ఉంది. దిండ్లు సర్ది ఉన్నాయి. భార్య గుమ్మం దగ్గర నిలబడి ఉంది, లోపలికి రావాలో వద్దో తెలియనట్టు. ఆయన పడుకుని పిక్కలు కుర్చీ మీదికి చేర్చి, పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఒకటి" అంది ఆమె నెమ్మదిగా.

"నేను లెక్కపెట్టుకుంటాను" అన్నాడు.

ఆమె అక్కడే ఉండిపోయింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. దవడ బిగిసి ఉంది, వదిలాడు. మళ్ళీ బిగిసింది, మళ్ళీ వదిలాడు. ఇరవై దాటాక పొట్ట దానంతట అది లేచి దిగడం మొదలుపెట్టింది. నలభై దగ్గర, లోపల ఎక్కడో రెండేళ్ళ నాటి తీగ ఒకటి పావుచుట్టు సడలింది. అంతకుముందెప్పుడూ అంతగా తగ్గలేదు.

"ఎలా ఉంది?" అని గుమ్మంలోంచి అడిగింది ఆమె.

తగ్గిందని ఆయన చెప్పలేదు.